జరిమానా సరే, లారీ ఎక్కడ ఆపాలి?
గిద్దలూరు–నంద్యాల ఘాట్‌లో మలుపుల దగ్గర ఆపే లారీలకు జరిమానాలు పెంచాలని ఒకరు రాశారు. వెయ్యండి, ప్రమాదకరంగా బండి ఆపకూడదని మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షన్ ఉండనే ఉంది. కానీ డ్రైవరు సరదాకి ఆపడు కదండీ! ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్తారు. అది వదిలేసి లోడుబండిని బ్రేకు మీదే దింపితే లైనర్లు (చక్రాన్ని రాసుకుని ఆపే బ్రేకు పట్టీలు) వేడెక్కి బ్రేకు పట్టదు. చల్లారేదాకా ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే. అప్పుడేం చేస్తారు? బండి వెనక నాలుగు రాళ్లు పేర్చి, ఓ చెట్టుకొమ్మ విరిచి అడ్డం పెడతారు. బండి బయల్దేరాక కొమ్మ తీసినా తీస్తారు గానీ రాళ్లు మాత్రం రోడ్డు మీదే. చీకట్లో బైకు మీద వచ్చేవాడికి అవి కనపడవు. ఆ రాళ్లకు జరిమానా ఎవరికి వేస్తారో మరి.

ఘాట్ లోపలే పార్కింగ్ అంటే అది అటవీ భూమి. 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి, ఆ ఫైలు ఇప్పట్లో తెమలదు. ఇటు గిద్దలూరు వైపు, అటు గాజులపల్లె వైపు అడవి దాటాక జాగా చూడటం మేలు. నీళ్లు, లైట్లు, ఓ మెకానిక్ షెడ్డు ఉంటే ఘాట్ ఎక్కకముందే బ్రేకులు చూసుకుంటారు. మరుగుదొడ్డి కూడా కట్టకుండా ఉత్త బోర్డు పాతితే మాత్రం అక్కడ ఎవరూ ఆగరు.