కొత్తింటి హీటింగ్‌పై నా నివేదిక

మా బామ్మర్ది స్కాట్లాండులో ఉంటాడు. దేవరకొండ దగ్గర మా ఊళ్లో నేను ఇల్లు మొదలుపెట్టానని తెలియగానే ఫోన్ చేసి, "బావా, హీటింగ్‌కు ఏం పెడ్తున్నవ్?" అని అడిగాడు. బోరు పడ్డదా అనో, వాస్తు చూపించినవా అనో అడుగుతాడనుకున్నా. పాపం, ఉన్న చోటు అలాంటిది, చలికి ఇల్లు వెచ్చబెట్టుకోక తప్పదు. అక్కడ 2024 ఏప్రిల్ తర్వాత అనుమతికి పెట్టుకున్న కొత్త ఇళ్లలో గ్యాసు, ఆయిలు బాయిలర్లు పెట్టనివ్వరు. పల్లెల్లో ఇల్లు కట్టుకునేవాళ్లు హీట్ పంపు పెట్టాలా, ఖర్చెంత, గాలిలోకి పోయే కార్బనెంత అని నెలల తరబడి తల పట్టుకుంటారట.

ముప్పై ఏళ్లు సైన్సు పాఠం చెప్పిన మనిషిని. మే నెలలో 45 డిగ్రీలు చూసే జిల్లాలో ఈ ప్రశ్నేమిటని కొట్టిపారేస్తే అది శాస్త్రీయం అనిపించుకోదు. అందుకని కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.

ముందు హీట్ పంపు. బయటి గాలిలో ఉన్న వేడిని తోడి ఇంట్లో పోసే యంత్రమిది. ఒక యూనిట్ కరెంటు తాగి మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఇందులో మాయేమీ లేదు, వేడిని పుట్టించదు, మోసుకొస్తుంది. మన ఏసీ కూడా ఇదే యంత్రం, కాకపోతే మొహం అటు తిప్పుకుని నిలబడుతుంది. వాళ్లు బయటి వేడిని లోపలికి తోడుకుంటున్నారు, మనం లోపలి వేడిని బయటికి తోడిపోస్తున్నాం. దేవరకొండ నుంచి స్కాట్లాండు దాకా ఒక పైపు వేస్తే రెండు ఇళ్ల సమస్యా తీరుతుందని బామ్మర్దికి చెప్పాను. ఫోన్‌లో సిగ్నల్ పోయింది.

తర్వాత నేల కింది వేడినీళ్ల పైపులు. ఆ పద్ధతిలో 35, 40 డిగ్రీల నీళ్లు తిప్పుతారట. మా డాబా మీది నల్ల ట్యాంకు ఏప్రిల్ నుంచే అంతకన్నా బాగా పనిచేస్తోంది. మధ్యాహ్నం మూడు గంటలకు నల్లా తిప్పి మొహం కడుక్కునే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. స్నానానికి నీళ్లు పొద్దున్నే బకెట్లో పట్టి చల్లార్చుకోవాలి. ఈ ట్యాంకుకు ఒక్కటే లోపం: జనవరిలో ఆరింటికి, వేడినీళ్లు కావాల్సిన రోజున, మంచు గడ్డలా ఉంటుంది. అప్పటికి హీటర్ రాడ్ ఉంది. గీజర్ పెట్టొచ్చు కానీ మా బోరు నీళ్లకు దాని కాయిల్ మీద సున్నం కట్టి, రెండేళ్లకు చూస్తే పగడపు దీవిలా తయారవుతుంది.

ఇవన్నీ పరిశీలించాక తేలిందేమిటంటే, ప్రపంచంలోకెల్లా చవకైన హీటింగ్ సిస్టం మన తాపీ మేస్త్రీ దగ్గర ఉంది. దాని పేరు స్లాబు. ఐదు అంగుళాల మందం, పైన ఏమీ ఉండదు, పగలంతా ఎండ తాగుతుంది. పొద్దు గూకాక, మనం మంచం వాల్చే వేళకు, తాగిందంతా మెల్లగా మన మీదికి దించుతుంది. రాత్రి పన్నెండింటికి కూడా గోడకు చెయ్యి ఆనిస్తే జ్వరం వచ్చిన పిల్లాడి ఒళ్లులా ఉంటుంది. మీట లేదు, మోటారు లేదు, సర్వీసింగ్ లేదు. ఫ్యాను వేస్తే ఆ వేడినే గదంతా సమానంగా పంచుతుంది, అదనపు ఖర్చు లేకుండా.

సామర్థ్యం పెంచడానికి కొన్ని చేర్పులు చేయించాను. పడమటి వైపు ఎలివేషన్‌కు నిలువెత్తు గాజు అద్దం పెట్టించాను, ఊళ్లో మొదటిది మాదే. ఈశాన్యంలో ఉన్న వేపచెట్టును వాస్తు ప్రకారం కొట్టించాను. దాని నీడ మూడు గదుల హీటింగ్‌ను పాడుచేస్తుండేది. వాకిలంతా సిమెంటు పోయించాను.

అన్నిటికన్నా ముందు పాత మిద్దెను తీసేశాం. రెండడుగుల మట్టి గోడలు, వేప దూలాలు, పైన మందంగా మట్టి, కింద షాబాదు బండలు. దాని హీటింగ్ సామర్థ్యం సున్నా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతుంటే లోపల కుండలో కూర్చున్నట్టు ఉండేది. ఏటా మట్టి వేయాలి, వాన పడితే ఒక మూల కారేది, అది నిజమే. అయినా దాన్ని కూలగొట్టడానికి జేసీబీకి ఒక పూట కూడా పట్టలేదు.

ఇక కార్బన్ లెక్క. ఇంటికి నాలుగు వందల పైచిలుకు బస్తాల సిమెంటు పట్టింది. సున్నపురాయిని కాల్చి చేసే సరుకు కాబట్టి కిలో సిమెంటుకు అరకిలో పైనే కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. మొత్తం పది టన్నులు దాటుతుంది. కానీ బిల్లులో 'స్లాబు' అని ఉంది, 'హీటర్' అని లేదు. కాబట్టి ఈ పద్దు ఇక్కడ రాయనక్కర్లేదు. హీటింగ్‌ను తట్టుకోవడానికి రెండు ఏసీలు పెట్టించాం. వాటి కరెంటుకూ దూరం పోనక్కర్లేదు, మన జిల్లాలోనే దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. బొగ్గు అక్కడ కాలుతుంది, లెక్క వాళ్లు చూసుకుంటారు. మా ఇల్లు లో-కార్బన్ ఇల్లే.

ఈ వ్యవస్థకు ప్రభుత్వం నుంచి మాత్రం ముప్పు ఉంది. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, కప్పుల మీద తెల్ల పూత, తెల్ల టైల్స్ వేయమన్నారు. నయం, 600 గజాల లోపు ఇళ్లకు ఇష్టముంటేనే. మాది 300 గజాలు, మాకు ఇష్టం లేదు. కేంద్రం వాళ్లేమో 3 కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ అంటున్నారు. పలకలు పెడితే స్లాబు మీద నీడ పడదా? మా హీటర్‌ను మేమే ఆపుకోవడానికి డబ్బులివ్వడమేమిటి?

చలికాలానికి గొంగడి ఉంది. కురుమలు గొర్రె బొచ్చు వడికి, చింతగింజల గంజి పెట్టి నేసింది, మా నాయన కప్పుకున్నది. బామ్మర్ది చెప్పినవాటిలో ఒక్కటీ దీని ముందు నిలవదు.

కొత్తింట్లో మొదటి వేసవి. మా అమ్మ రెండు రాత్రులు పడుకుని, మూడో రోజు నులక మంచం ఎత్తుకుని వాకిట్లోకి వచ్చింది. "ఇటుక బట్టీల పండబెట్టినవ్ గదరా కొడకా" అంది. వాకిట్లో సిమెంటు కూడా కాలుతోంది. ఆమె కళ్లు వేపచెట్టు మొద్దు మీద ఉన్నాయి.

మే ఆఖర్లో బామ్మర్ది సెలవు మీద వచ్చాడు. ఆ రాత్రి కరెంటు పోయింది. ఒంటిగంటకు చెమటలు కక్కుతూ లేచి, చీకట్లో గోడలు తడుముతున్నాడు.

"బావా, ఇది బంద్ చేసే స్విచ్ ఎక్కడున్నది?"

"మిరుగం వానలకు అదే బందైతది, పండు" అన్నాను.