ఆ దుమ్మును ఊడ్చింది నేనే

పాత ఇంటిని బాగుచేయించడం మొదలుపెట్టగానే మనమందరం మేస్త్రీలమైపోతాము. అందులో నేనూ ఒకడిని కనుక, కింద రాసిన కోపంలో సగం నా మీదిదేనని ముందే ఒప్పుకుంటున్నాను. కొన్నేళ్ల క్రితం మా పాత ఇంట్లో ఒక గది నేల మీది వినైల్ పలకలను ఉలితో పెళ్లగిస్తున్న పనివాడికి, వాటి కింద తారులా అంటుకుపోయిన నల్లని జిగురును గ్రైండర్‌తో గీకేయమని చెప్పింది నేనే. సాయంత్రం గది నిండా పేరుకున్న దుమ్మును చీపురుతో ఊడ్చిందీ నేనే. మూలన మిగిలిపోయిన ఒక ముక్కను పరీక్షకు పంపిన తరువాతే పలకలోనూ జిగురులోనూ ఆస్‌బెస్టాస్, అంటే సన్నని పోగులుగా విడిపోయే రాతినార, ఉందని తెలిసింది.

ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "మీకేమీ కాలేదు కదా" అంటారు. ఆ ఓదార్పంటేనే నాకు ఒళ్లు మంట. దుమ్ములో లేచే ఆస్‌బెస్టాస్ పోగులకు వాసన లేదు, పీల్చినప్పుడు దగ్గు రాదు, కళ్లు మండవు. ఊపిరితిత్తుల లోతుకు చేరేవి 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నగా ఉంటాయి కనుక కంటికి ఆనవు. అక్కడికి చేరినవాటిలో చాలా వాటిని శరీరం కరిగించుకోలేదు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడడానికి తరచుగా 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఆస్‌బెస్టాస్‌లోని నీలి, గోధుమ, తెల్ల రకాలన్నింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే చేర్చింది. ఒక్కరోజు దుమ్ముతోనే ప్రాణం పోతుందని నేను అనడం లేదు. పీల్చిన మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది, పొగ తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మరీ ఎక్కువవుతుంది.

ఆస్‌బెస్టాస్ అనగానే చాలామందికి సిమెంటు రేకు ఒక్కటే గుర్తుకొస్తుంది. రేకులో పోగులు సాధారణంగా 10 నుంచి 15 శాతం వరకు ఉండి సిమెంటు పట్టులో ఇరుక్కుని ఉంటాయి కనుక, దానిని కోయకుండా, పగలగొట్టకుండా ఉన్నంతకాలం ముప్పు తక్కువ. వేడినీటి పైపులకు చుట్టిన తొడుగు, బాయిలర్ మీది పూత, సీలింగుకు గరుకుగా చల్లిన పూత వేరే సంగతి. అవి వేళ్ల మధ్య నలిపితేనే పొడి అయిపోతాయి. ఫ్యూజు బోర్డు వెనుక పలకనూ, పాత పొయ్యి తలుపు అంచున కుక్కిన తాడునూ ఎవరూ అనుమానించరు.

"రంగు చూసి చెప్పేస్తాను" అనే మేస్త్రీని మాత్రం నమ్మకండి. నీలి, గోధుమ, తెలుపు అనేవి ముడిఖనిజానికి పెట్టిన పేర్లు; సిమెంటులోనో జిగురులోనో కలిశాక ఆ రంగు మిగలదు. ఇల్లు కట్టిన సంవత్సరం అనుమానానికి కొంత ఆధారం ఇస్తుంది. బ్రిటన్ నీలి, గోధుమ రకాలను 1985లో, తెల్లదానిని 1999లో నిషేధించింది కనుక అక్కడ 2000కు ముందు కట్టిన ఏ ఇంటినైనా అనుమానించే పని మొదలుపెడతారు. ఆస్ట్రేలియాలో నిషేధం 2003 డిసెంబరు 31న అమలులోకి వచ్చింది. ఉందో లేదో తేల్చేది మాత్రం ప్రయోగశాలలోని సూక్ష్మదర్శినే.

అక్కడికి పంపే నమూనాను కూడా శిక్షణ ఉన్నవారి చేతనే తీయించాలి. మిగిలిన గదుల కోసం వచ్చిన మనిషి చేసిన పనిని నేను దూరం నుంచి చూశాను. ఫ్యాను ఆపించి, కింద పాలిథిన్ పరిచి, సబ్బునీటిని సన్నని తుంపరగా కొట్టి, తడి ఇంకేదాకా ఆగి, గోరంత ముక్కను తీసి ఒక సంచిలో, ఆ సంచిని మరొక సంచిలో పెట్టి, తీసిన చోట టేపు అంటించి, చివరగా తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కూడా సంచిలో వేశాడు. ఆ గోరంత ముక్కకు అతడు పడిన శ్రమలో పదో వంతు కూడా నేను గది మొత్తానికి పడలేదు.

ఫలితం రాగానే అంతా పీకేయాలనుకోవడం రెండో తప్పు. చెక్కుచెదరకుండా, ఎవరి చేతికీ తగలని చోట ఉన్నదానిని కదపకుండా ఉంచడమో, పైన పూత వేసి కప్పడమో చాలాసార్లు మేలు. తీయక తప్పనప్పుడు, ముఖ్యంగా పొడి అయ్యే రకమైతే, అనుమతి ఉన్నవారే చేయాలి: గదిని పాలిథిన్‌తో మూసి, లోపలి గాలి బయటికి పొక్కకుండా హెపా వడపోత (అతి సన్నని ధూళినీ పట్టేది) ఉన్న యంత్రంతో లాగుతూ, తడుపుతూ, వీలైనంత వరకు పగలకుండా విప్పి, రెండు పొరలుగా చుట్టి, గుర్తు అంటించి, అలాంటి చెత్తకే కేటాయించిన చోటికి పంపాలి. ముఖానికి కట్టుకునే గుడ్డ, శస్త్రచికిత్స మాస్కు ఇక్కడ ఎందుకూ పనికిరావు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ ఆ పోగులను వెనుక నుంచి మళ్లీ గదిలోకే చల్లుతుంది. పని ముగిశాక గాలిని పరీక్షించకుండా లోపలికి వెళ్లకండి. బ్రిటన్‌లో ఆ పరీక్షకు పెట్టుకున్న హద్దు మిల్లీలీటరు గాలికి 0.01 పోగు.

మా మిగిలిన రెండు గదుల్లో పలకలు పగుళ్లు లేకుండా ఉన్నాయి. వాటిని తీయించలేదు, పైన కొత్త నేల పరిపించాను. ఫ్యూజు బోర్డు తలుపు లోపలి వైపున ఆ గదుల పటం గీసి, పరీక్ష తేదీ వేసి, "ఈ నేలకు డ్రిల్లు పెట్టవద్దు" అని రాసిన కాగితం అంటించాను. పని మొదలుపెట్టే ముందు ఎవరైనా కరెంటు ఆపడానికి ఆ తలుపే తీస్తారు.