మాత్ర చేతికిస్తే సరిపోదు, గొంతు దిగాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు తెలుగిళ్లలో కడుపుతో ఉన్న పిల్ల కనిపిస్తే ఆశా దీదీ ముందు అడిగేది ‘మాత్రలు వేసుకుంటున్నావా?’ అనే. ‘ఆఁ’ అని జవాబొస్తుంది. అట్టలు మాత్రం గూట్లోనే ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. 180 రోజులో అంతకంటే ఎక్కువో ఐరన్ మాత్రలు వేసుకున్న తల్లులు 26 శాతమే. దీనికి ‘అవగాహన లేదు’ అని ఆడవాళ్ల మీదకి నెట్టేయడం అలవాటైపోయింది. నేను ఒప్పుకోను. మాత్ర కడుపులో తిప్పుతోంది, తిప్పకుండా వేసుకునే తీరు చెప్పేవాళ్లు లేరు. అసలు సంగతి అదీ.

ఆ ఎర్ర ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఇనుప రుచి నాలుకకు తగలకుండా పైన చక్కెర పూత వేస్తారు. తడిచేత్తో పట్టుకున్నా, నోట్లో నానబెట్టినా, నలిపి పొడి చేసినా ఆ పూత పోయి తుప్పు నీళ్లు తాగినట్టుంటుంది. ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడుపుకుని, పొడిచేత్తో మాత్రను నాలుక మీద కాస్త వెనగ్గా పెట్టుకుని, గ్లాసు నిండా నీళ్లతో దించేయాలి. రెండు గుక్కలు తాగి వెంటనే నడుం వాల్చితే మాత్ర అన్నవాహికలో ఆగి గుండెల్లో మంట పుడుతుంది. అరగంటైనా కూర్చోవాలి.

వేళ కూడా ముఖ్యం. పొద్దున్నే పరగడుపున వేసుకుంటే చాలామందికి వికారం పుడుతుంది. రాత్రి అన్నం తిన్న రెండు గంటలకు నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది, తిప్పినా నిద్రలో తెలియదు. అప్పటికీ పడకపోతే మొదటి వారం అన్నం తిన్న వెంటనే వేసుకోనివ్వండి. ఒంటబట్టేది కొంత తగ్గుతుంది, ఫరవాలేదు. మానేయడం కంటే అదే నయం.

మన వైపు పెద్ద చిక్కు చోడంబలితోనూ (రాగి జావ) టీతోనూ వస్తోంది. చోళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది, గర్భిణి తాగాల్సిందే. కానీ చోళ్లలోని ఫైటేట్లు, టీలోని టానిన్లు ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వవు. పొద్దున అంబలి, పైన టీ, వెంటనే ఎర్ర మాత్ర అంటే ఆ మాత్ర చాలావరకు దండగే. కాల్షియం మాత్రా అంతే. అది 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు తిండితోనే వేసుకోవాలి, ఐరన్‌కీ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. రెండూ ఒకే సంచిలో పోసి ఇస్తే ఆ పిల్ల రెండూ కలిపే మింగుతుంది మరి! మలం నల్లబడితే బిడ్డ నల్లగా పుడుతుందేమోనని అత్తగారు మాన్పిస్తుంది. ఒంటబట్టగా మిగిలిన ఇనుము బయటికి పోవడం వల్లే ఆ నలుపని తొలిరోజే ఆవిడకీ చెప్పాలి. మలబద్ధకానికి జామపండు, తోటకూర, ఎక్కువ నీళ్లు.

మంచి తిండి పెడితే మాత్రలెందుకని అడిగేవాళ్లున్నారు. తిండి కావాలి. అయితే గర్భం మొత్తానికి అదనంగా సుమారు ఒక గ్రాము ఇనుము అవసరం. అన్నం, పప్పు, ఆకుకూరల్లో ఉన్నదాంట్లో ఒంటబట్టేది కొద్దిగానే. అసలే రక్తం తక్కువున్న మనిషికి తిండితోనే ఆ లోటు నెలల్లో పూడదు.

ఇక నన్ను ఎక్కువగా బాధిస్తున్న సంగతి భాష. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఒడిశాలో, కూతవేటు దూరంలోని పాతపట్నం ఆంధ్ర వైపు పడ్డాయి. తొంభై ఏళ్లవుతున్నా ఇళ్లల్లో మాట మారలేదు. తల్లీబిడ్డల కార్డు ఒడియాలో, మాత్రల అట్ట ఇంగ్లీషులో, మమతా దివస్ (ఊళ్లో తల్లీబిడ్డలకు ఆరోగ్య పరీక్షలు చేసే రోజు) నాడు చెప్పే నాలుగు మాటలూ ఒడియాలో. బజారు ఒడియా అందరికీ వచ్చు. విరేచనం కావడం లేదని సిగ్గుపడకుండా చెప్పుకోవడానికి, ‘రెండు గంటల ఎడం’ ఎందుకో అడగడానికి ఆ ఒడియా చాలదు. సవర, కుయి మాట్లాడే తల్లుల అవస్థ ఇంకా ఎక్కువ.

ఏడో నెలలో సీమంతం చేసి పిల్లని ఆంధ్రలోని టెక్కలికో పాలకొండకో పుట్టింటికి తీసుకెళ్తారు. అక్కడి ఏఎన్ఎం (ఊరి నర్సు) రిజిస్టరులో ఆమె పేరుండదు. ఒడిశా కార్డు చూపించినా మాత్రలిచ్చేలా రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఒక ఒప్పందానికి రావాలి. అది తేలేదాకా, బయల్దేరేటప్పుడే కాన్పుకు ముందు మూడు నెలలకీ, తర్వాత మూడు నెలలకీ లెక్కగట్టి 180 ఐరన్, 360 కాల్షియం మాత్రలు రెండు వేర్వేరు సంచుల్లో కట్టివ్వాలి. కాల్షియం సంచి మీద తెలుగులో ‘పొద్దున, మధ్యాహ్నం తిండితో’ అనీ, ఐరన్ సంచి మీద ‘రాత్రి తిన్న రెండు గంటలకు, నిమ్మనీళ్లతో, టీ వద్దు’ అనీ రాయాలి. ఎర్ర మాత్రలు చాక్లెట్ బిళ్లల్లా ఉంటాయి, చిన్నపిల్లలు నాలుగైదు మింగితే ప్రాణం మీదకొస్తుంది. అందుకే ఆ సంచి మీద ఇంకో మాట కూడా పెద్దక్షరాల్లో ఉండాలి: ‘పిల్లలకి అందనివ్వొద్దు.’