"రెండు యాంపూల్స్, 50 ఎంఎల్, పంప్ ఐదు": ఈ ఫార్ములా నమ్మకండి

ఐసీయూ డ్యూటీలో కొత్తగా చేరిన జూనియర్లు ఒకరికొకరు పంపుకుంటున్న మెసేజ్ ఒకటుంది. "బీపీ పడిపోతే ఏ సపోర్ట్ అయినా రెండు యాంపూల్స్ 50 ఎంఎల్ చేసి పంప్‌లో 5 పెట్టేయండి, బరువుతో పని లేదు. పంప్ లేకపోతే గంటకి ఎన్ని ఎంఎలో నిమిషానికి అన్ని చుక్కలు. ఎన్ఎస్ అయినా డీ5 అయినా ఒకటే." సపోర్ట్ అంటే బీపీ నిలబెట్టే మందు, యాంపూల్ అంటే మందుండే చిన్న గాజు సీసా, పంప్‌లో 5 అంటే గంటకి 5 ఎంఎల్, ఎన్ఎస్ అంటే ఉప్పు నీళ్ళ సెలైన్, డీ5 అంటే 5 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ నీళ్ళు. ఇందులో ప్రతి ముక్కా ప్రమాదమే, అందుకే కూర్చుని రాస్తున్నా.

మొదటిది, ఏ మందైనా రెండు యాంపూల్స్ అనడం. నార్‌అడ్రినలిన్ రెండు యాంపూల్స్ అంటే 4 ఎంజీ, 50 ఎంఎల్‌లో ఎంఎల్‌కి 80 మైక్రోగ్రాములు, 5 పెడితే 60 కేజీల మనిషికి నిమిషానికి, కేజీకి దాదాపు 0.11 మైక్రోగ్రాములు వెళ్తుంది, బానే ఉంటుంది, బహుశా ఈ ఫార్ములా పుట్టిందే అక్కడ. ఇప్పుడు అదే డోబుటమిన్‌తో చేయండి. ఒక్కోటి 250 ఎంజీ, రెండు కలిపితే 500, ఎంఎల్‌కి 10 ఎంజీ, గంటకి 5 ఎంఎల్ అంటే 50 ఎంజీ, నిమిషానికి 833 మైక్రోగ్రాములు. మామూలుగా నిమిషానికి, కేజీకి 2.5 లేదా 5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టే మందు 40 కేజీల ముసలావిడకి మొదటి నిమిషం నుంచే కేజీకి 20 దాటి వెళ్తోంది, గుండె దడదడలాడి రిథమ్ తప్పడానికి అంతకన్నా ఏం కావాలి? అదే 80 కేజీల మనిషికైతే సుమారు పది. బరువుతో పని లేదంటే ఎలా మరి?

నార్‌అడ్రినలిన్‌లోనూ ఒక మెలిక ఉంది, లేబుల్ పూర్తిగా చదవాలి. బైటార్ట్రేట్ (మందు ఉప్పు రూపం) 4 ఎంజీ అని ఉంటే అందులో అసలు నార్‌అడ్రినలిన్ 2 ఎంజీయే. పెద్ద అంకె చూసి లెక్క కడితే పేషెంట్‌కి సగం డోసే అందుతుంది, బీపీ ఎందుకు లేవట్లేదో ఎవరికీ అర్థం కాదు.

చుక్కల మాట మైక్రో సెట్‌కి (సన్న చుక్కల డ్రిప్ పైపుకి) మాత్రమే నిజం, అందులో ఎంఎల్‌కి 60 చుక్కలు కాబట్టి. మామూలు సెట్‌లో 20 చుక్కలే. డోపమిన్ 400 ఎంజీ 500 ఎంఎల్‌లో కలిపి 60 కేజీల మనిషికి నిమిషానికి, కేజీకి 5 మైక్రోగ్రాముల చొప్పున ఇవ్వాలంటే గంటకి 22.5 ఎంఎల్, మైక్రోలో 22 చుక్కలు. ఆ 22 చుక్కలే మామూలు సెట్‌లో పెడితే మూడింతలు, అంటే 5 బదులు 15కి దగ్గర. నైట్ డ్యూటీలో మైక్రో సెట్ అయిపోయి చేతికి దొరికింది తగిలించే వాళ్ళున్నారు, అందుకే సెట్ ప్యాకెట్ మీద అంకె చూడకుండా చుక్కలు లెక్కపెట్టొద్దు.

ఎన్ఎస్, డీ5 ఒకటే అనేది అసలు ఎలా రాశారో! గుండె రిథమ్‌కి ఇచ్చే అమియోడరోన్ డ్రిప్ డీ5లోనే కలపాలి. ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటోయిన్ ఎన్ఎస్‌లోనే, డెక్స్‌ట్రోజ్‌లో వేస్తే స్ఫటికాలు కట్టేస్తుంది. డోపమిన్ వెళ్తున్న లైన్‌లోకి సోడా బైకార్బ్ ఎక్కిస్తే డోపమిన్ పని చేయదు.

"పంపే లెక్క కడుతుంది కదా" అంటారు ఇంకొందరు. పంప్‌కి సిరంజ్‌లో ఏముందో తెలీదు, మనం కొట్టిన కాన్సంట్రేషన్‌నే నమ్ముతుంది. 4 ఎంఎల్ మందు తీసుకుంటే 46 ఎంఎల్ డీ5 కలిపి మొత్తం 50 చేయాలి, 50కి ఇంకో 4 కలిపితే 54 అవుతుంది, పలచబడిపోతుంది. సిరంజ్ మీద మందు పేరు, మొత్తం ఎంజీ, మొత్తం ఎంఎల్, ఎంఎల్‌కి ఎన్ని మైక్రోగ్రాములు, కలిపిన టైమ్ రాయండి. పక్క సిస్టర్‌ని కూడా లెక్క కట్టమనండి, మీ జవాబు చూపించకుండా. ఇద్దరికీ ఒకే అంకె వచ్చాకే స్టార్ట్ నొక్కండి.