ఏడో తరగతిలో రాజ్యాంగ సంక్షోభం

పెద్దలు, బాధ్యత గల తల్లిదండ్రులు, బెత్తం రుచి తెలిసిన పూర్వ విద్యార్థులు అందరూ కలిసి ఆందోళన చెందవలసిన సమయం వచ్చింది. కందుకూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి సాంఘిక శాస్త్రం చెప్పే టీచరు, బడి తెరిచిన వారంలోనే ఒక ఘోరానికి ఒడిగట్టారు. ఏళ్ల తరబడి గోడకు వేలాడుతున్న ‘తరగతి నియమాలు’ చార్టును తీసి బీరువా వెనక పెట్టి, మన తరగతి ఎలా ఉంటే బాగుంటుందో మీరే చెప్పండి అని అడిగారు. ఎవరిని? పిల్లలను!

ఆ చార్టుకు వచ్చిన లోపమేమిటో నాకు అర్థం కాదు. ‘నిశ్శబ్దముగా ఉండవలెను’ అన్నది మొదటి నియమం. ‘పెద్దలను గౌరవించవలెను’ రెండవది. ‘అబద్ధమాడరాదు’ మూడవది, తనిఖీకి అధికారులు వచ్చే రోజు మాత్రం దీనికి మినహాయింపు. ఎవరు రాశారో తెలియదు, ఎవరూ చదవలేదు, కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఒక శాసనానికి ఇంతకన్నా గొప్ప లక్షణం ఏముంటుంది?

న్యాయంగా చెప్పాలంటే, మొదటి అరగంట జరిగింది వింటే నాకు ఎంతో ధైర్యం కలిగింది. మాట్లాడినవాడికి గోడకుర్చీ అన్నారు పిల్లలు. హోంవర్కు చేయనివాడికి 100 గుంజీళ్లు అన్నారు. ఆలస్యంగా వచ్చినవాడిని ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టాలన్నారు. వెనక బెంచీ కుర్రవాడొకడు తాతగారి దగ్గర విన్నాడట, చేతులతో తాడుకు వేలాడదీసే కోదండం వేయించాలన్నాడు. ఎవరూ నేర్పకుండానే పిల్లలు మనకన్నా నాలుగాకులు ఎక్కువ చదివారంటే మన పెంపకం వృథా పోలేదన్నమాట. ఆ టీచరు అక్కడితో ఆపి, తీర్మానం ఏకగ్రీవమని రాసుకుని ఉంటే సరిపోయేది. ఆవిడ ఆపలేదు. ఇవన్నీ శిక్షలు, అసలు ఈ గదిలో మీకు ఏది బాధ కలిగిస్తోందో చెప్పండి అన్నారు.

ఇక చూడండి. ఒక అమ్మాయి లేచి, తను తడుముకుంటూ చదివితే అందరూ నవ్వుతున్నారని, అందుకే నిరుటి నుంచి పైకి చదవడమే మానేశానని చెప్పింది. మరొకడు మధ్యాహ్న భోజనం వరుస సంగతి ఎత్తాడు. చివర నిలబడినవాళ్లకు ఎప్పుడూ విరిగిన చిక్కీలే వస్తున్నాయట. ఆ తర్వాత కదిలింది తేనెతుట్టె: క్లాస్ లీడరు వ్యవస్థ.

ఈ వ్యవస్థను ఎరగని తెలుగువాడు ఉండడు. సారు బయటికి వెళ్లగానే లీడరు సుద్దముక్క పట్టుకుని మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాడు. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ పెడతాడు. నేను మాట్లాడలేదు అని చెప్పుకున్నవాడికి ఇంకో ఇంటూ, ఎందుకంటే అలా చెప్పడం కూడా మాట్లాడటమే. ఒక జామకాయకు ఒక ఇంటూ చెరుగుతుంది, తాటి తాండ్ర ముక్కకు పేరే చెరుగుతుంది. లీడరు స్నేహితులు గొంతు చించుకుని అరిచినా సుద్దముక్కకు వినబడదు. ప్రజాజీవితంలోకి వెళ్లే ముందు మన బిడ్డలు ఉచితంగా పొందుతున్న శిక్షణ ఇది. దీన్ని కాపాడుకోవలసింది పోయి, పేరు రాసే ముందు ఆ మనిషిని అడగాలని తీర్మానించారు! ఆ లీడరు కుర్రవాడి భవిష్యత్తు ఏమిటి? ఇప్పటినుంచి ఏం తిని బతుకుతాడు?

చివరికి తేలినవి నాలుగు మాటలు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వినాలి. ఎవరినీ మారుపేరుతో పిలవకూడదు. పంచుకునేది ఏదైనా వరుస చివరి నుంచి కూడా మొదలుపెట్టాలి. తప్పు చేసినవాళ్లకు దాన్ని సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి. మార్కాపురం పలకలు దిద్ది అక్షరాలు నేర్చిన తరాలు మనవి. పలక మీద తప్పు రాస్తే తుడిచి మళ్లీ రాసుకోమంటాం, నిజమే. అది పలక కాబట్టి. అదే మర్యాద పిల్లవాడికీ కావాలంటే హద్దు ఎక్కడ?

దీని వెనక విదేశీ హస్తం కూడా ఉంది. వియన్నాలో పుట్టి షికాగోలో స్థిరపడిన రుడాల్ఫ్ డ్రైకర్స్ అనే మానసిక వైద్యుడు, పిల్లవాడు అల్లరి చేసేది తనకూ నలుగురిలో ఒక చోటు ఉందని తెలుసుకోవడానికేనని చెప్పాడు. తప్పుకు తగ్గ ఫలితం ఉండాలి గానీ దానికి సంబంధం లేని శిక్ష కూడదన్నాడు. అంటే సిరా ఒలకబోసినవాడు సిరా తుడవాలి, అంతే. మా కాలంలో సిరా ఒలికితే వీపు మీద వాతలు తేలేవి, నేల మాత్రం అలాగే ఉండేది. ఆ మరకలు చూస్తే ఇప్పటికీ క్రమశిక్షణ గుర్తుకొస్తుంది.

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలై బెత్తాన్ని లాక్కుంది. పోనీ అని నోటితో సర్దుకున్నాం. కానీ ఆ 17వ సెక్షన్‌లో శారీరక శిక్ష పక్కనే మానసిక వేధింపు కూడా ఉందన్న సంగతిని మనం ఎంతో ఓర్పుగా ఎవరికీ చెప్పకుండా దాచుకుంటూ వచ్చాం. ఈ టీచరు దాన్ని కూడా పిల్లలకు చదివి వినిపించారు.

అన్నిటికన్నా పెద్ద అనర్థం వేరే ఉంది. ఆ నాలుగు మాటల కింద పిల్లలందరూ సంతకాలు పెట్టారు, ఆవిడా పెట్టారు. అడగడం వరకు సరదాగా ఉంటుంది, సంతకం పెడితే పాటించాలి కదా! పైగా ఆ కాగితం ఆ గదిలోకి వచ్చే ప్రతి టీచరుకూ వర్తిస్తుందని పిల్లలు అనుకున్నారు. మర్నాడు లెక్కల మాస్టారు ఒకణ్ణి లేపి లెక్క అడిగి, వాడు చెబుతుండగా ఫోనులో మాట్లాడుతుంటే, వాడు చెప్పడం ఆపేశాడు. ఏమిట్రా అంటే, “మీ ఫోను అయ్యాక చెబుతాను సార్, ఒకరు చెబుతుంటే వినాలని రాసుకున్నాం” అన్నాడట, అదీ చేతులు కట్టుకుని! చేతులు కట్టుకోకపోయినా బాగుండేది, తిట్టడానికి ఏదో ఒకటి దొరికేది. ఇక ఆ మాస్టారు పిల్లలను పేర్లతో పిలవరు. మందకొడిని గేదె అంటారు, దుడుకువాడిని ఒంగోలు గిత్త అంటారు. రెండూ మానుకోమని వినతిపత్రం ఇచ్చారు. గేదె సంగతి వదిలేద్దాం, ఒంగోలు గిత్త తిట్టా? బ్రెజిల్ దేశం మన జాతిని తీసుకుపోయి, నెలోర్ అని పేరు పెట్టి మందలు మందలుగా పెంచుకుంటోందే!

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఈ ప్రాంతపు గాలిలోనే ఏదో ఉంది. 1928లో మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపించిన టంగుటూరి ప్రకాశం పేరు ఒక జిల్లాకు పెట్టుకున్నాం. అన్నం మానేసి ఢిల్లీ మాట కాదన్న పొట్టి శ్రీరాములు పేరు పక్క జిల్లాకు పెట్టుకున్నాం. చెప్పిన మాట వినని ఇద్దరు మనుషుల పేర్లను ప్రతి హాజరుపట్టీ మీద అచ్చు వేయించి, దాని కింద కూర్చున్న పిల్లలను నోరు మూసుకోమనడంలో కొంత ఇబ్బంది ఉన్న మాట వాస్తవమే. ఇన్నాళ్లూ పిల్లలు ఈ రెంటినీ కలిపి చూడకపోవడం మన అదృష్టం.

విలువలు వద్దని నేను అనను. పద్ధతి ప్రకారం రావాలంటున్నాను. నా సవినయ సూచన ఇది: ఒంగోలులో ఒకే ఫ్లెక్సీ కొట్టించి బడులన్నిటికీ పంపాలి. పై సగంలో నాయకుల ఫోటోలు, కింది సగంలో ‘మేము చర్చించుకుని నిర్ణయించుకున్న విలువలు’ అన్న శీర్షిక, దాని కింద పెద్దలు ముందే ఖరారు చేసిన విలువలు. ఒక శనివారం మూడున్నర నుంచి నాలుగు లోపల రెండు జిల్లాల పిల్లలూ వాటిని స్వచ్ఛందంగా నిర్ణయించుకోవాలి. నాలుగూ ఐదుకల్లా ఫోటో యాప్‌లోకి ఎక్కాలి, లేకపోతే హెచ్‌ఎంకు సంజాయిషీ నోటీసు.

ఇది నోటిమాట కాదని చూపడానికి నమూనా ఫ్లెక్సీ ఒకటి నా ఖర్చుతో కొట్టించి, బడి శ్రేయోభిలాషిగా నా ఫోటో కూడా వేయించి, ఆ ఏడో తరగతికే పంపాను. రంగులు బాగున్నాయన్నారట. అయితే కింద నా సంతకం లేదని, పెట్టి పంపితే వెంటనే గోడకు కడతామని చెప్పి మర్యాదగా చుట్టి వెనక్కి ఇచ్చారు. పెడదామనే ఇంట్లో కొన్నాళ్లు ఉంచాను. వానలు మొదలయ్యాక మా గేదెల పాక కురుస్తోందంటే దాని మీద కప్పించాను. ఫ్లెక్సీ గట్టిది, చుక్క కారడం లేదు.