మార్కులు కాదు, వాగును అడగండి

పర్యావరణం ఎలా ఉందని అడిగితే ప్రభుత్వాలు ముందుగా విస్తీర్ణం లెక్క తీస్తాయి. ఇన్ని హెక్టార్ల అడవి, ఇన్ని కోట్ల మొక్కలు అంటాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వచనంలో రబ్బరు తోట కూడా అడవే. పాత అడవిని నరికి అక్కడే రబ్బరు వేసినా మొత్తం విస్తీర్ణంలో హెక్టారు తగ్గదు. సహజ అడవుల లెక్కను ఆ సంస్థ విడిగా ఇస్తుంది కానీ, ప్రకటనల్లోకి ఎక్కేది మొత్తమే.

అందుకే జీవులను చూడాలంటున్నాం. వాగు నీళ్లు సీసాలో పట్టి పరీక్షిస్తే ఆ పూట సంగతే తెలుస్తుంది. రాత్రి వదిలిన వ్యర్థాలు తెల్లారేసరికి కొట్టుకుపోతే సీసాకు దొరకవు. రాళ్ల కింద నెలల తరబడి పెరిగే మేఫ్లై, స్టోన్‌ఫ్లై పిల్లపురుగులు మాత్రం తప్పించుకోలేవు. వాటికి ఆక్సిజన్ బాగా ఉన్న నీరు కావాలి. అవి మాయమై, మురుగును తట్టుకునే ఎర్ర పురుగులే మిగిలాయంటే ఏదో జరిగినట్టే. ఇలా జీవులను బట్టి నీటిని అంచనా వేసే పద్ధతిని జర్మనీ శాస్త్రవేత్తలు కోల్‌క్విట్జ్, మార్సన్ వందేళ్ల క్రితమే రూపొందించారు. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పెరిగితే చెట్ల బెరడు మీద లైకెన్లు (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవులు) తగ్గిపోతాయి. వీటికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, గుర్తుపట్టగల మనుషులు కావాలి.

గాలి, నీరు, నేల అన్నీ కలిపి పర్యావరణానికి ఒకే ర్యాంకు ఇవ్వడం మీదే మా అభ్యంతరం. పొగ తగ్గినందుకు వచ్చిన మార్కులు, ఎండబెట్టిన చిత్తడి నేలను కప్పేస్తాయి. దేనికెంత వెయిటేజీ అన్నదీ లెక్క కట్టేవారి ఇష్టమే. సగటుతోనూ చిక్కే. వన్యప్రాణుల సమూహాలు పెరిగాయో తగ్గాయో చెప్పే లివింగ్ ప్లానెట్ సూచీ 1970–2020 మధ్య 73 శాతం పడిపోయిందని 2024 నివేదిక చెప్పింది. అంటే 73 శాతం జంతువులు చచ్చిపోయాయని కాదు. పరిశీలనలో ఉన్న వెన్నెముక జీవుల సమూహాలు సగటున అంత కుంచించుకుపోయాయని. విషయం తీవ్రమైనదే, తప్పుగా చదివితే మాత్రం నమ్మకం పోతుంది.

ఆ మాటకొస్తే 2009లో ప్రతిపాదించిన ‘భూగోళ హద్దుల’ పద్ధతి నయం. భూమి ఎంతవరకు తట్టుకోగలదో అందులో అంశాల వారీగా చెబుతారు. తొమ్మిది అంశాలు, దేని హద్దు దానిదే. 2023 అంచనాలో ఆరు హద్దులు దాటాయి. ఓజోన్ పొర కోలుకుంటోంది కదా అని నైట్రోజన్ కాలుష్యాన్ని మాఫీ చేయడం అందులో కుదరదు.

పరిశ్రమలకూ ఇదే పద్ధతి వర్తించాలి. ఏ జీవులను గమనిస్తారో, ఎంత తగ్గితే పని ఆపాలో అనుమతి పత్రంలోనే రాయాలి. ఖర్చు పరిశ్రమ భరించాలి, లెక్క తీసే నిపుణులను మాత్రం పరిశ్రమ ఎంచుకోకూడదు.