నన్నెవరడిగారండీ?

పాలకొల్లులో మా ఎరువుల కొట్టాయన ఏదో సైటులో చేరాడు. అంతే, ఆయన మెయిల్లో ఉన్న అడ్రసులన్నిటికీ ఆయన పేరు మీదే ఆహ్వానాలు వెళ్లిపోయాయి. రొయ్యల చెరువు కౌలుదారుకి, బాకీ దగ్గర మాటలు ఆగిపోయిన వియ్యంకుడికి, నాకూ. ఆయన ఒక్క అక్షరం రాయలేదు. పాపం, వియ్యంకుడికి ఏం చెప్పుకుంటాడు?

నేనా సైటు మొహం కూడా చూడలేదు. అయినా నా అడ్రసు వాళ్ల దగ్గరుంది. ఊరుకుంటే గుర్తుచేస్తూ మళ్లీ ఇంకోటి! ఇలా పదేపదే మెయిళ్లు పంపిన కేసులోనే ఉద్యోగ పరిచయాల సైటు లింక్డ్‌ఇన్ 2015లో 1.3 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అయినా ఈ సైట్లకి బుద్ధి రాలేదు. "అనుమతించు" బటను అరచేతంత, "వద్దు" కనపడీ కనపడకుండా.

సరే అన్నది ఆయన. నా అడ్రసు నాది. ముందు దాన్ని చెరిపేయండి.